పాలబండి తెల్లటాపు

చివరి ఇత్తడి రింగు చుట్టూ దారం బిగిస్తున్నప్పుడు ఎల్లేశం నోట్లో సూది ఉంది. అందుకని బామ్మర్ది అడిగినదానికి జవాబివ్వలేదు. సూది లేకపోయినా ఇచ్చేవాడు కాదు. కుట్టు మధ్యలో ఉండగా ఎవరేమడిగినా ముడి పడేదాకా అతని నోటినుంచి మాట ఊడిపడదని కోరుట్ల బస్టాండు వెనక వీధికంతా తెలుసు. జీపులవాళ్లు బేరమాడడానికి వచ్చి, అడగాల్సింది అడిగేసి, ఎదురుగా హోటల్లో చాయ్ తాగి వచ్చి జవాబు వినేవాళ్లు.

"తెల్లారవట్టె బావా," అన్నాడు యాదగిరి మళ్లీ. "గా ఒక్క రింగు లేకుంటె పరదా ఊడిపోతదా?"

ఎల్లేశం ముడి వేశాడు. దారం పళ్లతో కొరికాడు. సూదిని చొక్కా జేబు అంచుకు గుచ్చుకున్నాడు.

"ఊడిపోదు," అన్నాడు. "కొట్టుకుంటది. కొట్టుకుంటె చిరుగుతది."

బండి దిగి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. యాభై దాటిన మనిషి. ఏళ్ల తరబడి మిషను మీద వంగి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. మందం బట్టలో దబ్బనం దిగక జారినప్పుడల్లా తగిలిన దెబ్బలతో బొటనవేలి గోరు రెండుగా చీలి అలాగే పెరిగింది. కళ్లు మాత్రం ఇంకా మంచివే. దూరం నుంచి ఒక కుట్టు పక్కకు పోయినా పట్టుకుంటాయి. ఇప్పుడు ఏదీ పక్కకు పోలేదు.

బండి పాతది. కరీంనగర్‌లో ఎవరి దగ్గరో సిమెంటు మోసి మోసి డొక్కలు పోయిన పికప్. ముందు ఇద్దరు పట్టే క్యాబిన్, వెనక ఖాళీ తొట్టి. ఆ తొట్టి మీద, పక్క షాపు వెల్డింగు భూమన్న వంచి ఇచ్చిన ఇనుప కమాన్లకు, తెల్లటి టాపు బిగిసి ఉంది. మూడు పొరల టాపు. పైపొర సిరిసిల్ల బట్ట, ఎల్లేశం అన్న దశరథం తన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, దట్టంగా నేయించి పంపింది. మధ్యలో ఆ సాంచాల కిందే రోజూ ఊడ్చి పారేసే నూలు తుక్కు. దాన్ని చేత్తో విడదీసి, పరిచి, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్టాడు. లోపలి పొర యూరియా సంచులు, కడిగి ఎండబెట్టి ఒకదానికొకటి అతికినవి. పైన నీళ్లు పోస్తే బట్ట తాగుతుంది, తుక్కు పట్టుకుంటుంది, సంచులు లోపలికి కారనివ్వవు. ఎండాకాలంలో కడవకు తడిగుడ్డ చుట్టే ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. పాలబండికి ఎవరూ చుట్టి చూడలేదంతే.

ఎల్లేశం భార్య రుక్కమ్మ బిందె తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ కలిసి టాపు మీద నీళ్లు పోశారు. తెల్లబట్ట బూడిదరంగుకు తిరిగి, బరువెక్కి, కమాన్ల మీద చక్కగా కూర్చుంది. రెండు పక్కలా నీలి రంగుతో రాయించిన 'పాలు' అన్న మాట ముదురుగా పైకి తేలింది. ఒక్కో అక్షరం చిన్నపిల్లవాడంత ఉంది.

"గింత పెద్దగ రాపిచ్చినవ్," అంది రుక్కమ్మ నవ్వి. "పాలిచ్చే బర్రెలు సుత సదువుకుంటయి."

"బర్రెల కోసం కాదు," అన్నాడు ఎల్లేశం.

ఎవరికోసమో ఆమెకు తెలుసు. నవ్వు ఆపి, "పైలంగ పోయి రాండ్రి," అని తమ్ముడి భుజం మీద తట్టి బిందె తీసుకుని లోపలికి పోయింది.

ఆ రోజుల్లో జగిత్యాల చుట్టుపక్కల మట్టిరోడ్ల మీద మూసిన బండి అంటే భయం. రోడ్డుకు అడ్డంగా కట్టిన మోరీల కింద మందుపాతరలు ఉంటున్నాయని పోలీసులు తమ జీపుల్లో ఆ దారులెక్కడం మానేశారు. మామూలు బట్టలు కట్టుకుని, దారినపోయే బండిని ఆపి, అందులో దాక్కుని పోతున్నారు. అడవిలోని అన్నలు, ఆ పాతరలు పెట్టినవాళ్లు, ఊరూరా మాట పంపారు. పోలీసులను మోసిన బండి ఎవరిదైనా తమ లెక్కలో అది పోలీసు బండేనన్నారు. ఇద్దరి మధ్యా బండ్లవాళ్లు ఇరుక్కున్నారు. అప్పటినుంచి సారంగాపూర్ వైపు పోయే ట్రాక్టరుగానీ, జీపుగానీ, పెండ్లివాళ్ల వ్యానుగానీ పరదాలు పైకెత్తి కట్టుకునే పోతున్నాయి. లోపల ఎవరున్నారో, ఏముందో చేనులో నిలబడ్డవాడికి కనబడాలి. దుమ్ము కొట్టినా సరే, వాన కొట్టినా సరే. వాన కురుస్తుంటే పట్టుచీరల మీద గొనెసంచులు కప్పుకుని కూర్చున్న పెండ్లివాళ్లను ఎల్లేశం చూశాడు. ఈమధ్య అతను కుట్టే టాపులకు దించి కట్టే తాళ్లకంటే ఎత్తి కట్టే పట్టీలే ఎక్కువ గట్టిగా కుడుతున్నాడు.

యాదగిరికి ఈ బాధ మొదట్లో తలకెక్కలేదు. ఏళ్లపాటు కువైట్‌లో పాల కంపెనీ బండి నడిపి, అక్కడ లడాయి మొదలైతే కట్టుబట్టలతో తిరిగొచ్చినవాడు. ఇక్కడ ఇంకో లడాయి నడుస్తున్నదని అతనికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. సారంగాపూర్ అవతలి ఊళ్లలో పాలు పోగుచేసి జగిత్యాల డెయిరీకి చేర్చే పని పట్టుకున్నాడు. మాఘమాసం దాకా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక పాలు దారిలోనే విరిగి పలిగిపోవడం మొదలైంది. డెయిరీ మనిషి క్యాను మూత తీసి వాసన చూసి తల అడ్డంగా ఊపితే, ఆ క్యాన్లు మళ్లీ బండెక్కించుకుని మోరీలో పారబోసి రావాలి. వారం రోజులు వరసగా పారబోశాడు. ఇంకొక్క వారం ఇలాగే సాగితే పాలు పోసేది లేదని ఊళ్లవాళ్లు తెగేసి చెప్పారు.

"అక్కడ పాలబండి డబ్బా లెక్కుంటది బావా," అన్నాడు ఒకరోజు షెడ్డులో కూర్చుని. "రేకు డబ్బా. లోపట థర్మకోల్. తలుపేస్తె చీమ దూరది. గసొంటిది చేయిస్త."

ఎల్లేశం చేతిలో కుట్టు ముగించాకే తలెత్తాడు.

"ఆడ చీమలే ఉంటయి," అన్నాడు. "ఈడ మోరీల కింద వేరే ఉంటయి."

రేకు డబ్బా అలా పోయింది. నాలుగు రోజులకు యాదగిరి జగిత్యాల నుంచి మిలిటరీ కాన్వాసు చుట్ట ఒకటి మోసుకొచ్చాడు. మందంగా, ముదురు పచ్చగా, కొత్త బూట్ల వాసన వేస్తూ ఉంది. ఎల్లేశం దాన్ని చేత్తోకూడా తాకలేదు. గీ రంగు చూస్తె నేనే బెదురుత, తీస్కపో అన్నాడు. అప్పుడే తెల్లబట్ట ఆలోచన వచ్చింది. తెల్లది మాసిపోతుందని యాదగిరి మూతి ముడుచుకున్నాడు. మాస్తె ఉతుకుదాం అన్నాడు బావ. సిరిసిల్ల పోయి అన్నను అడిగి, నూలు తుక్కు మూటలు బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చాడు.

ఇద్దరూ చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. తారురోడ్డు మీద పరదా దించాలి. మట్టిరోడ్డెక్కగానే ఎత్తి కట్టాలి, క్యాన్లు అందరికీ కనబడాలి. చల్లదనం కొంత పోతే పోనీ. యాదగిరి పాలు పోసే ప్రతి ఊరిలో, ముఖ్యంగా మాట ఎక్కడికి చేరాలో అక్కడికి చేర్చగల ఆగయ్య ఇంట్లో, తెల్లబండి మన పాలబండేనని చెప్పివచ్చాడు. ఆగయ్య తల ఊపాడు. ఆ తల ఊపు మీద నమ్మకంతోనే ఎల్లేశం మిగిలిన రింగులు కుట్టాడు.

"ఎక్కు బావా. నువ్వు సుత చూడాలె కద, పాలు నిలుస్తయో లేదో."

ఎన్ని బండ్లకు టాపులు కుట్టాడో అతనికే తెలియదు గానీ, బండిలో ముందు సీటు ఎక్కడం ఎల్లేశానికి అదే మొదలు. కుట్టు సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఎప్పుడూ వెనకే కూర్చునేవాడు. అద్దంలో నుంచి రోడ్డు తనవైపే పరుగెత్తుకొస్తుంటే కాళ్లు బిగబట్టాడు. యాదగిరి అది చూసి నవ్వుకున్నాడు. ఈ పిల్లగానికి తాను నడక నేర్పిన సంగతి ఎల్లేశానికి గుర్తొచ్చింది.

సిరిసిల్లలో ఎల్లేశం నాయిన గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. మగ్గం పలక చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడుండేది కాదు. ఎల్లేశం ఆ చప్పుడులో పెరిగాడు. తర్వాత అన్న సాంచాలు పెట్టాడు. కరెంటు మగ్గాలు నాలుగు ఒక్కసారి ఆడితే మనిషి మాట మనిషికి వినబడదు. దశరథానికి అది డబ్బు చప్పుడు. ఎల్లేశానికి తలనొప్పి. అంతకుముందే తక్కువ మాట్లాడే మనిషి, ఆ సాంచాల మధ్య పూర్తిగా మాట మానేశాడు. కోరుట్ల సంబంధం వచ్చినప్పుడు పిల్ల తల్లిదండ్రులు లేనిదని, పాలు మరవని తమ్ముడొకడు వెంట ఉన్నాడని చెప్పారు. పిల్ల ఎదురుగా వచ్చి, "నా తమ్ముణ్ని ఇడిచిపెట్టి నేను రాను," అంది. ఎల్లేశం, "కోరుట్లకు నేనే అస్త," అన్నాడు. పెళ్లిచూపుల్లో అతను ఆడిన మాటలు అవే. వాళ్లకు పిల్లలు కలగలేదు. యాదగిరి జీపుల టాపుల బట్టల మీద పొర్లి, మిషను కింద నిద్రపోయి పెద్దవాడయ్యాడు. సుమిత్రను చేసుకున్నాడు. ఎడారికి పోయి, బతికి తిరిగొచ్చాడు. ఎల్లేశానికి అంతకంటే పెద్ద కోరికలు ఎప్పుడూ లేవు.

జగిత్యాల దాటి మట్టిరోడ్డు మొదలైనచోట బండి ఆపి, ఎల్లేశం దిగి పరదా ఎత్తి పట్టీలు కట్టాడు. దుమ్ము లేచింది. రెండుచోట్ల మోరీలు దాటేటప్పుడు యాదగిరి మాట్లాడడం ఆపి బండి మెల్లగా పోనిచ్చాడు. దాటాక మాట మళ్లీ అందుకున్నాడు. ఆ దారిలో బండి నడిపే అందరూ అలాగే చేస్తారు.

ఊళ్లో ఆగయ్య వాకిలి ముందు ఆడవాళ్లు పాల చెంబులతో, గిన్నెలతో వరసగా నిలబడి ఉన్నారు. బుచ్చవ్వ అనే ముసలామె తన పాలు పోసి, తల వంచి టాపులోకి తొంగిచూసి, అక్కడే ఆగిపోయింది.

"ఓ యాదగిరీ, గిది మా ఇంటికంటె సల్లగున్నది కదరా. నన్ను సుత గీడ్నే కూసోవెట్టుకొని తిప్పు."

"నిన్ను తిప్పితె పాలు పలుగుతయి అవ్వా," అన్నాడు యాదగిరి. ఆడవాళ్లంతా నవ్వారు.

ఆగయ్య టాపు చుట్టూ ఒకసారి తిరిగాడు. తడిబట్ట మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "మంచిగ కనవడుతున్నది," అన్నాడు. "గుట్ట మీదికెల్లి సుత కనవడుతది." ఎల్లేశానికి ఆ మాట ధైర్యమిచ్చింది.

తిరుగుదారిలో తారురోడ్డు ఎక్కగానే బోరింగు దగ్గర ఆగి టాపు మళ్లీ తడిపి, పరదా దించి, రింగుల్లోంచి తాడు పోనిచ్చి కట్టారు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. క్యాబిన్‌లో కూర్చుంటే తొడల కింద సీటు కాలుతోంది.

డెయిరీ మనిషి మొదటి క్యాను మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టాడు. చిన్న గరిటెతో కొంచెం తీసి కాచి చూశాడు. రెండోది తీశాడు. మూడోది తీశాడు. ఎల్లేశం అతని మొహం చూడలేక అతని చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"దించుకో," అన్నాడు డెయిరీ మనిషి లోపలి హమాలీతో. అన్నీ దించుకున్నారు. ఒక్క క్యాను కూడా తిరిగి రాలేదు.

యాదగిరి ఖాళీ క్యాన్లు బండిలోకి విసిరినట్టే వేస్తూ, "బావా, ఇగ చూడు," అన్నాడు. "ధర్మపురి దాక ఊరూరు పాలు అడుగుత. ఇంకో బండి కొంట. దానికి సుత నువ్వే కుట్టాలె." ఎల్లేశానికి సంతోషమైంది. తాను చేసిన పని మనిషికి పనికొచ్చిందని కళ్లారా చూడడం అతని బతుకులో ఎన్నోసార్లు జరగలేదు. బండ్లు టాపు వేసుకుని వెళ్లిపోయేవి, మళ్లీ చిరిగినప్పుడే కనబడేవి. కాసేపు అతనికి ఆకలి, ఎండ, ఏదీ తెలియలేదు.

ఎదురుగా ఉన్న హోటలు పందిరి కింద కొందరు చాయ్ తాగుతున్నారు. లుంగీలు, కూలీల చొక్కాలు, తలకు తువ్వాళ్లు. వాళ్లలో ఒకతను లేచి వచ్చి టాపు మీద చెయ్యి ఆనించి, పరదా కాస్త పక్కకు తీసి లోపల మొహం పెట్టి చూశాడు. బయటికి తీసినప్పుడు అతని మొహం తేటగా ఉంది. ఎల్లేశం అతని కాళ్లవైపు చూశాడు. లుంగీ కింద బూట్లు ఉన్నాయి. పందిరి కింద కూర్చున్న అందరి కాళ్లకూ అవే బూట్లు.

"బండెవరిది?"

"నాదే సార్," అన్నాడు యాదగిరి.

"సారంగాపూర్ అవతల దాకా వెళ్లిరావాలి. సాయంత్రంలోపు వదిలేస్తాం. తియ్యి."

మాట ఈ ప్రాంతపు మాట కాదు. ఏ స్టేషనో అతను చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

"ఇప్పుడే గా తొవ్వల పోయచ్చిన సార్," అన్నాడు యాదగిరి. "పొద్దుగాల ఒక్క ట్రిప్పే తిప్పుత. మల్ల పోతె ఎందుకొచ్చినవని అడుగుతరు."

"ఎవరడుగుతారు?"

ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా తప్పే.

పందిరి కింది నుంచి మిగిలినవాళ్లు గోనెసంచుల్లో చుట్టిన తుపాకులతో వచ్చి ఒకరి తర్వాత ఒకరు టాపు కిందికి దూరారు. యాదగిరి ఖాళీ క్యాన్లు కిందపెట్టబోతే, బండి అడిగిన ఆ పెద్దాయన ఆపాడు. క్యాన్లుంటేనే మంచిది, వాటిమధ్యే కూర్చోమన్నాడు. లోపలినుంచి ఎవరో హాయిగా ఊపిరి వదిలారు. పొద్దుటినుంచి ఎండలో మాడినవాళ్లు.

పెద్దాయన ముందు సీటు ఎక్కాడు. అక్కడ ఇద్దరికే చోటు.

"నేను సుత అస్త సార్," అన్నాడు ఎల్లేశం. "ఎనుక కూసుంట."

"నీతో పనిలేదు. నువ్వు ఇంటికెళ్లు."

ఎల్లేశం క్యాబిన్ కిటికీ దగ్గరికి పోయాడు. చేతులు జోడించాడో, ఊరికే ఛాతీ దగ్గర పట్టుకున్నాడో అతనికే తెలియలేదు. "సార్, ఎనుక పరదా జర ఎత్తి కట్టనియ్యుండ్రి. గా తొవ్వల అందరు గట్లనే పోతరు. మూసుకొని పోతె..."

"ఎత్తి కట్టి మమ్మల్ని ఊరేగిస్తావా?" ఆ మనిషికి కోపం కూడా రాలేదు. "దీన్ని కుట్టింది నువ్వేనా? బాగా కుట్టావు. కిందిదాకా దించి గట్టిగా కట్టు. ఒక్క సందు కూడా కనబడొద్దు."

ఎల్లేశం బండి వెనక్కి పోయాడు.

తాడు తీశాడు. మొదటి రింగులోంచి పోనిచ్చి రెండోదాంట్లోకి తీశాడు. వదులుగా కడదామనుకున్నాడు. రోడ్డెక్కాక గాలికి పరదా తనంతట తానే లేస్తుంది, లోపలివాళ్లు కనబడతారు, కనబడితే... కనబడితే ఏమవుతుంది? క్యాన్లకు బదులు పోలీసులే కనబడతారు. మూస్తే అనుమానం, తెరిస్తే రుజువు. పరదా మూసి ఉంటే పాలబండే పోతోందని అనుకోవచ్చునేమో. పొద్దున ఎత్తి కట్టి పోయిన బండి మధ్యాహ్నం మూసుకుని ఎందుకు పోతోందని అనుకోవచ్చునేమో. ఏది మేలో తేల్చుకోలేకపోయాడు. వేళ్లు మాత్రం అలవాటు కొద్దీ తాడు బిగిస్తూనే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఆ వేళ్లకు గట్టిగా కట్టడమే వచ్చు. వదులుగా కట్టడం ఎవరూ నేర్పలేదు.

చివరి రింగు దగ్గర సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో చాయ్ గ్లాసు. వెనక ఒక కుర్ర కానిస్టేబులు మొహం, మీసం సరిగ్గా రాలేదు. క్యాను మీద కూర్చున్నాడు.

"కాకా, గీ గిలాస జర హోటలాయనకిచ్చెయ్యవా," అన్నాడు. ఈ వైపు పిల్లవాడే. "మంచిగ సల్లగున్నది కాకా లోపట. కూలర్ లెక్కున్నది."

ఎల్లేశం గ్లాసు అందుకున్నాడు. దాన్ని చంకలోని సంచిలో వేసుకుని, చివరి రింగులోంచి తాడు తీసి ముడి వేశాడు. ఆ మొహం తెల్లబట్ట వెనక్కు పోయింది.

యాదగిరి తల బయటపెట్టి చూస్తున్నాడు. "బావా, ఇంటికాడ ఏం చెప్పకు," అన్నాడు. "భయపడుతరు. పొద్దూకకముందే అస్త."

బండి పోయింది. తడి టాపు అంచుల నుంచి నీళ్లు చుక్కలుగా రోడ్డు మీద పడుతూ కొంతదూరం వెంట పోయాయి. ఆరిపోయాయి. ఎల్లేశం హోటలు సంగతే మరిచిపోయి బస్టాండుకు నడిచాడు.

కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరికైనా చెప్పాలా అని ఆలోచించాడు. ఆగయ్యకు చెప్పాలా? ఎలా చెప్పాలి, ఎవరితో చెప్పాలి? పోలీసులు ఎక్కారు, తప్పు మాది కాదు అని చెబితే, పోలీసులు ఎక్కారని తానే కబురు పంపినట్టు. చెప్పకపోతే బండి తనకు తానుగా వాళ్లను ఎక్కించుకున్నట్టు. పోలీసులకు చెప్పడానికి ఏముంది, బండిలో ఉన్నదే వాళ్లు. ఈ లోకంలో తన మాట వినే చోటు ఒక్కటి కూడా లేదని అతనికి ఆ బస్సులో స్పష్టంగా తెలిసింది. ఇన్నాళ్లూ మాట్లాడకపోవడం తన స్వభావం అనుకున్నాడు. మాట్లాడదామనుకున్నరోజున మాట్లాడడానికి ఎవరూ లేరు.

ఇంటి అరుగు మీద రుక్కమ్మ, సుమిత్ర చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

"పాలు?" అంది సుమిత్ర.

"పలుగలే," అన్నాడు ఎల్లేశం. "అన్ని దించుకున్నరు."

సుమిత్ర మొహం విప్పారింది. తునికాకు కత్తిరిస్తున్న చేతులు ఆగిపోయాయి. రుక్కమ్మ తమ్ముడేడి అని అడిగింది. ఇంకో ట్రిప్పుకు పోయిండు అన్నాడు. సంతోషం పట్టలేక పోయిండు కావచ్చు అనుకుని వాళ్లు మళ్లీ బీడీలు అందుకున్నారు. రుక్కమ్మ అన్నం పెడితే తిన్నాడు. ఏం తిన్నాడో తెలియదు. షెడ్డులోకి పోయి మిషను ముందు కూర్చున్నాడు. జీపు సీటు ఒకటి చిరిగింది కుట్టడానికి ఉంది. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కుట్టలేదు.

ఎండ పందిరి దాటి షెడ్డు గడప మీదికి వచ్చింది. పక్కషాపులో భూమన్న వెల్డింగు చప్పుడు ఆగింది. లారీ ఏదో ఆగినట్టుంది, ఎవరో మాట్లాడుతున్నారు. మాటలు వినబడలేదు, మాటల మధ్య ఖాళీలు వినబడ్డాయి. ఎల్లేశం సీటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

భూమన్న గడప దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా ఆగాడు. చేతిలో వెల్డింగు అద్దం అలాగే ఉంది.

"ఎల్లేశన్నా," అన్నాడు. "సారంగాపూర్ అవతల మోరీ కాడ. తెల్లబండట."

ఎల్లేశం తల ఊపాడు.

"ఎవ్వలు మిగలలేదట అన్నా. పోలీసులున్నరని ఎరికయ్యే పేల్చిన్రని కొందరంటున్నరు. మూసుకొని పోతాంటె అనుమానపడ్డరని కొందరంటున్నరు. లారాయనకు సుత సరిగ్గ తెల్వది. తెల్లగుండె కద, శాన దూరంకెల్లే కనవడ్డదట."

అరుగు మీద చాట కిందపడిన చప్పుడైంది. సుమిత్ర అరవలేదు. కింద పరుచుకున్న తంబాకు మధ్య నడుచుకుంటూ వీధిలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. రుక్కమ్మ షెడ్డులోకి వచ్చింది. మొగుడి మొహంలోకి చూసింది. అతనికి ముందే తెలుసునని ఆమెకు అర్థమైంది.

"నువ్వు దిగినవ్," అంది. "వాన్ని ఇడిచిపెట్టి నువ్వెట్ల దిగినవ్?"

దింపేశారని చెప్పవచ్చు. వస్తానన్నానని చెప్పవచ్చు. రెండూ నిజమే. ఆ నిజాల కంటే, ఆ పరదా తానే కట్టానన్నది పెద్ద నిజం. అది ఆమెకు తెలియదు. చెబితే ఆమె తట్టుకోలేదు, చెప్పకపోతే తాను తట్టుకోలేడు. ఆమె రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని, ఛాతీకి తల ఆనించి కూలబడింది. అతనూ ఆమెతోపాటు నేల మీదికి కుంగాడు. ఇద్దరూ పెంచిన పిల్లవాడు పోయాడు.

భూమన్న జీపు మాట్లాడుకొచ్చాడు. జగిత్యాల ఆసుపత్రికి తెస్తారట, పోదాం లేవండి అన్నాడు. ఒంటి మీద కప్పడానికి బట్టేదైనా తీసుకొమ్మని మెల్లగా చెప్పాడు. మూలన దశరథం పంపిన తెల్లబట్టలో మిగిలిన తుండు ఉంది. ఎల్లేశం దాన్ని మడతపెట్టి సంచిలో దూర్చబోతే లోపల చేతికి ఏదో గట్టిగా తగిలింది. బయటికి తీసి, కాసేపు అది ఏమిటో గుర్తుపట్టనట్టు చూశాడు. తర్వాత మిషను బల్ల మీద పెట్టాడు. బట్ట సంచిలో పెట్టుకుని, రుక్కమ్మ భుజం పట్టుకుని లేపి, జీపు ఎక్కించాడు. జీపువాడు ఎవరూ చెప్పకుండానే పరదాలన్నీ పైకెత్తి కట్టాడు.

తలుపు తెరిచే ఉన్న షెడ్డులో, మిషను బల్ల మీద ఆ చాయ్ గ్లాసు మిగిలింది. అడుగున చాయ్ ఎండి మరకైంది, అంచున ఒకచోట తాగిన పెదవి గుర్తు ఇంకా పోలేదు.